ఒక నూలు ఎక్కువ

ఆయన పోయి ఏడాది దాటింది. ఇంకా నన్ను సతాయిస్తూనే ఉన్నాడు.

పోయిన నెలలో ఒక మంగళవారం జమ్మలమడుగు నుంచి రాతిపని మేస్త్రీ ఫోన్ చేశాడు.

"సార్, సమాధి రాయికి అక్షరాలు కంప్యూటర్లో తీయించి పెట్టినా. మీరొగసారి వచ్చి సూసి సరే అంటే ఉలి పెడ్తా. ఆదివారానికి కావల్లంటిరి గదా."

"ఏ అక్షరాలు?" అని అడిగాను.

"ఏ అక్షరాలంటే ఏంది సార్? తెలుగు అక్షరాలే."

ఆయన బతికి ఉండి ఈ మాట విని ఉంటే ఆ మేస్త్రీకి ఆ పూట పని సాగేది కాదు.

ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఆలోగా మిషన్ సమాధుల తోటలో రాయి నిలబెట్టాలి. ఒక సిలువ, పేరు, రెండు సంవత్సరాలు. అంతకు మించి ఏమీ వద్దని ఆయన కూతురు చెప్పింది. ఆమె వేంపల్లెలో నర్సు. "రాయి ఎట్లుండినా పర్వాల్యా చిన్నాయనా, అక్షరాలు మాత్రం నువ్వు సూడల్ల. లేకుంటే నాయన లేసొస్తాడు" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు. లేచి వస్తాడనే నా నమ్మకం కూడా.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఈ వ్యాసం ఏ టైపులో అచ్చవుతుందో నాకు తెలియదు. ఆ పేరును ఏదో ఒక టైపులో చూసే ధైర్యం నాకు లేదు.

ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్ళకు పైగా చిన్న ప్రెస్సు నడిపాడు. పెళ్ళి పత్రికలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, గోడలకంటించే పోస్టర్లు. ఇవన్నీ ఏ ప్రెస్సులోనైనా జరిగే పనులే. ఆయన చేసిన వేరే పని ఒక్కటే. తన అక్షరాలు తానే చేసుకున్నాడు. పట్నాల నుంచి తెప్పించే పోస్టరు అక్షరాలు నచ్చక, టేకు దిమ్మెల మీద గీసి, చెక్కి, ఆకురాయి పట్టి, సిరా పూసి ఒత్తి చూసుకునేవాడు. నచ్చకపోతే పొయ్యిలో పెట్టేవాడు. వాళ్ళింట్లో చాలాకాలం అన్నం ఆ అక్షరాల మీదే ఉడికిందని ఆయన భార్య చెప్పేది.

ఆధునిక తెలుగు అక్షరం గురించి రాసేవాళ్ళు ఇప్పుడు పట్నాలలో ఉన్నారు. వాళ్ళలో ఎవరూ ఆయన గురించి రాయలేదు. నేను వాళ్ళను తప్పు పట్టను. రాయాలని వచ్చిన ఒకతన్ని ఆయన గుమ్మంలోనే నిలబెట్టి, "నీ సంచి మింద ఆ పేరు ఎవురు రాసిరి?" అని అడిగాడు. అతను కాలేజీ పేరు చెప్పాడు. ఆ తర్వాత ఆ రోజంతా ఆయన అతనితో మాట్లాడలేదు.

మనిషి పొట్టి. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ ఉండేది, రెండో పక్క దారం. ఎదురుగా నిలబడిన మనిషి ముఖం చూసేవాడు కాదు. ఆ మనిషి చొక్కా జేబులో ఉన్న చీటీనో, వెనక గోడ మీద రాతనో చూసేవాడు. నేను కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ఆయన దగ్గర ప్రూఫులు దిద్దడానికి వెళ్ళి పరిచయమయ్యాను. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. నేను 'అన్నా' అనేవాణ్ణి. ఆయన నన్ను 'సారూ' అనేవాడు. అందులో గౌరవం పాలు ఎంతో నేను ఎన్నడూ తేల్చుకోలేకపోయాను.

ప్రూఫు చూడడానికి ఎవరొచ్చినా కూర్చోమని అనేవాడు కాదు. గోడకు కాగితం తగిలించి, "ఎనక్కి పో" అనేవాడు. రెండడుగులు వేస్తే "ఇంగా." గుమ్మం దాకా పోతే "ఇంగా." పది అడుగులు వెయ్యాలని ఆయన లెక్క. ఆ ప్రెస్సు పది అడుగుల లోతు ఉండేది కాదు. కాబట్టి ప్రూఫు చూడడమంటే వీధి మధ్యలో, సైకిళ్ళకూ తోపుడుబండ్లకూ అడ్డంగా నిలబడి చూడడం. పెళ్ళికూతుళ్ళ తండ్రులు, బంగారం అంగళ్ళవాళ్ళు, మార్కెట్ యార్డు అధ్యక్షులు, అందరూ అక్కడ నిలబడినవాళ్ళే. నాకొకసారి స్కూటరు తగిలింది. నన్ను పైకి లేపుతూ ఆయన అడిగిన మొదటి మాట, "సదవొచ్చిందా?"

ఆయనతో బస్సెక్కడం కూడా పొరపాటే. ఒక వేసవిలో పులివెందులకు పోతున్నాం. నాకక్కడ పరీక్ష పేపర్లు దిద్దే పని. తొండూరులో బస్సు ఆగింది. రోడ్డు పక్క ఎరువుల అంగడికి ఒకతను నిచ్చెనెక్కి బోర్డు రాస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఈయన దిగిపోయాడు. పిలవడానికి నేనూ దిగాను.

"ఏమప్పా, ఆ అక్షరానికి అంత తోక ఎందుకు పెడ్తివి?"

పైనున్నతను తిరిగి చూడకుండానే అన్నాడు. "అందానికి పెద్దాయనా."

"తోక అందమైతే మనకూ ఉండేది గదప్పా."

కింద నిలబడినవాళ్ళు నవ్వారు. నిచ్చెన మీదతనికి కోపం వచ్చింది. "ఇవి యాడి అక్షరాలో తెల్సునా నీకు? ప్రొద్దుటూరు ప్రెస్సాయన అక్షరాలు. పోస్టర్లు సించకపోయి ఇంట్లో పెట్టుకోని నేర్చుకున్న్యా. నీకేం తెల్సు అక్షరమంటే? పో, పోయి నీ పని సూసుకో."

ఆ ప్రెస్సాయన ఈయనేనని చెప్పబోయాను. నా ముంజేతి మీద గట్టిగా గిల్లాడు. కాసేపు బోర్డు కేసి చూసి, "తోక నాది గాదు" అని నాకు మాత్రం వినపడేటట్లు అని, పక్కకు నడిచాడు. ఈలోగా బస్సు పోయింది. ఇంకో బస్సుకు రెండు గంటలు ఎండలో నిలబడ్డాం. పేపర్ల దగ్గర నేను పడిన మాటలు ఆయనకు చెప్పాను. "తోక తీసేస్తే నాలుగు ఊర్లు సదువుతాయి సారూ, నీ పేపర్లు ఇద్దరు సదువుతారు" అన్నాడు.

కానీ ఆ పెయింటరు చెప్పింది నిజమే. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా, అటు సింహాద్రిపురం దాకా మందుల అంగళ్ళ బోర్డులు, బడిగోడల మీద రాతలు, బస్సుల ముందు పలకలు చాలా వరకు ఆయన పోస్టర్లు చూసి నేర్చుకున్నవే. లావు సన్నాలు లేని గీత, తోకలు లేని అక్షరం, కింద పెద్ద ఒత్తు. రాసేవాళ్ళకు ఆయన పేరు తెలియదు. చదివేవాళ్ళకు అసలే తెలియదు. ఇంత ప్రభావం ఉన్న మనిషి కనీసం సంతోషపడి ఉండవచ్చు. ఆయన మాత్రం బస్సు కిటికీలో నుంచి తప్పులు లెక్కపెట్టేవాడు.

ఆ పెద్ద ఒత్తు ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారే చెప్పాడు. ఆయన తండ్రి మిషన్ సమాధుల తోటలో నాపరాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. తల్లి మిషన్ ఆసుపత్రిలో ఆయా. నలభై ఏళ్ళు దాటాక మిషన్ గుడిలో చదవడం నేర్చుకుంది. "రాతి మింద ఒక వంకర తిప్పల్లంటే అరపూట. అందుకని మా నాయన వంకర తిప్పల్యా. మాయమ్మ బైబిలు వేలు పెట్టి సదివేది. పెద్ద అక్షరం దగ్గర ఆగేది గాదు. కింద ఒత్తు చీమంత ఉండేది. ఏలు పెడ్తే ఏలికిందికే పోయేది. ఆడ ఆగేది." ఇంతే చెప్పి, ఆ కథ తనది కానట్లు మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

ఎన్నికలొస్తే ఆయన ప్రెస్సు ముందు జీపులు ఆగేవి. అవి నాటుబాంబుల రోజులు. ఎవరి జీపు ఎక్కడ ఆగిందో ఊరు గమనించే రోజులు. ఒక పార్టీవాళ్ళు వచ్చి, "మా నాయకుని పేరు మంటలు మండినట్ల ఉండల్ల" అని అడిగారు.

"ఎందుకప్పా?"

"సూస్తానే అవతలోడు భయపడల్ల."

"ఓటేసేటోడు గూడా అదే గోడ సూస్తాడు గదా. వాడు భయపడి యాడికి పోవల్ల?"

వాళ్ళు వేరే ప్రెస్సుకు పోయారు. వారం తర్వాత రెండో పార్టీవాళ్ళు తమ నాయకుని పేరుకు రక్తం కారుతున్న అక్షరాలు కావాలని వచ్చారు. వాళ్ళనూ పంపేశాడు. ఇది ధైర్యమని కొందరు ఇప్పుడంటున్నారు. నేను పక్కనే ఉన్నాను. అది ధైర్యం కాదు. ఎదుట ఉన్నది ఎవరో ఆయన చూడనే లేదు. ఆయన పక్కన కూర్చున్న పాపానికి భయమంతా నేనే పడ్డాను.

ఇక నేను చెప్పవలసింది పోస్టరు సంగతి.

మా చెల్లెలిని ఇచ్చింది జమ్మలమడుగు దగ్గర ఒక ఊళ్ళో. ఎగువ వీధి, దిగువ వీధి, రెండు వర్గాలు. ఎగువవాళ్ళు ఒక పార్టీలో ఉంటే దిగువవాళ్ళు రెండో దాంట్లో. వీళ్ళు జెండా మారిస్తే వాళ్ళూ మార్చేవాళ్ళు. మా బావ దిగువ వీధివాడు. పంచాయతీ ఎన్నికల తర్వాత ఎగువ వీధిలో ఒక మనిషిని చంపారు. ఆ రోజు బావ ఊళ్ళో లేడు. అయినా కేసులో పేరు పెట్టారు. తర్వాత కోర్టు ఆ కేసు కొట్టేసింది. కోర్టు కొట్టేస్తే ఊరు కొట్టేయదు. చెల్లెలూ బావా ఆరేళ్ళు ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలో ఉన్నారు. ఊళ్ళో నల్లరేగడి బీడు పడింది. శనగ విత్తే అదును వచ్చినప్పుడల్లా బావ మాట్లాడడం మానేసేవాడు. చెల్లెలు ఆయన వైపు చూడకుండా వంట చేసేది.

ఆరో ఏడు పెద్దమనుషులు కలిసి రాజీ కుదిర్చారు. రెండు వీధుల మధ్య మైదానంలో ఎడ్ల బండలాగుడు పోటీలు పెట్టాలి. రెండు వర్గాల నాయకులూ కలిసి పిలవాలి. ఇద్దరి పేర్లతో పోస్టరు మూడు ఊళ్ళ గోడలకు ఎక్కాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. పోస్టరు గోడకెక్కితే మాట ఖాయం. ఊరు విడిచినవాళ్ళు పోటీల రోజు ఎడ్ల వెంట నడిచి ఊళ్ళోకి రావచ్చు.

మా వైపు రాజీ అంటే కొలతే. రెండు పక్కలా ఒకే ఎత్తు కుర్చీలు. ఒకే లెక్కన జీపులు. వేదికకు రెండు మెట్లదారులు. ఇద్దరికీ వేసే పూలదండలను అంగట్లో తక్కెడ పెట్టి తూచారు. పోస్టరులో ఎవరి పేరు ఎడమ పక్క అన్న దాని మీద రెండు రోజులు నడిచింది. చివరికి సగం పోస్టర్లలో ఒకరిది, సగంలో ఇంకొకరిది ఎడమ పక్క అని తేలింది. అక్షరం మాత్రం సమానంగా ఉండాలి. రెండు వైపులా ఒప్పుకున్న ప్రెస్సు ఆయనదొక్కటే. ఆయన ఏ వర్గమూ కాదు. రెండు పార్టీల పనులనూ సమానంగా ఆలస్యం చేసినవాడు. పని అప్పగించమని నన్నే పంపారు. నేనే ఆయన తరఫున మాట ఇచ్చాను.

ఒక రోజు పనికి తొమ్మిది రోజులు తీసుకున్నాడు. మూడు అంగుళాల అక్షరాలు కొత్తగా చెక్కడం మొదలుపెట్టాడు. ఎగువాయన పేరు నాలుగు అక్షరాలు, నాలుగూ గుండ్రం. దిగువాయన పేరు పొడుగు, కింద ఒత్తులు. గుండ్రటి అక్షరాలను ఒక నూలు ఎత్తు పెంచి చెక్కుతున్నాడు. నూలంటే అంగుళంలో ఎనిమిదో పాలు. రోజూ పోయి ఆ కట్టెపొట్టు చూస్తూ కూర్చునేవాణ్ణి.

"ఒక నూలు తేడా ఎవరు చూస్తారన్నా?" అన్నాను ఆరో రోజు.

"ఎవురూ సూడగూడదనే పెడ్తాండా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే ఓపిక కూడా లేదు. తొమ్మిదో రోజు చూసుకోమని రెండు వర్గాలకూ చెరొక పోస్టరు పంపాం. పదో రోజు పొద్దున దిగువ వీధివాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. మా బావ వర్గమే. వాళ్ళతో ఇండ్లు కట్టే మేస్త్రీ ఒకడు, చేతిలో టేపు.

"ఏం సార్, మీ ప్రెస్సాయన ఎగువోళ్ళకు అమ్ముడుబోయినాడే" అన్నాడు మేస్త్రీ. పోస్టరు నేల మీద పరిచి టేపు పెట్టి చూపించాడు. ఒక నూలు తేడా. "ఈ పొద్దు నూలు. రేపు మా పొలంలో గట్టు. రాజీ ల్యా, గీజీ ల్యా."

బావ గది గుమ్మంలో నిలబడి విన్నాడు. లోపలికి పోయి మంచం మీద పడుకున్నాడు. చెల్లెలు బయటికి వచ్చి నన్ను ఒక్కటే అడిగింది. "నువ్వే గదన్నా ఆయన తరపున మాట ఇచ్చింది?"

నేను ప్రెస్సుకు పరుగెత్తాను.

"అన్నా, నూలు తేడా ఉందంట."

"ఉండాది."

"కొలిచినారు."

"కొలిస్తే ఉంటాది. సూస్తే ల్యా."

"స్కేలుకు సమానంగా చేసి ఇచ్చెయ్ అన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "గుండ్రంది ఎంతుంటాదో అంత కనపడదు సారూ. పక్కన దిగువాయన పేరు గోడ మాదిరి పొడుగ్గా ఉండాది. కొలిచి సమం జేస్తే ఎగువాయన పేరు సిన్నగా కనపడ్తాది. మూడూర్ల గోడల మింద సిన్నగా కనపడినాక ఈ రాజీ ఎన్ని దినాలుంటాది? టేపు ఎవురూ ఎత్తుకోని తిరగరు. కండ్లు అందరికీ ఉండాయి."

"నీకు నా చెల్లెలి బతుకు కన్నా నీ నూలే ఎక్కువా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఎత్తు పెంచని పాత అక్షరాలు తీసి, స్కేలుకు సమానంగా ఒక పోస్టరు ఒత్తాడు. హమ్మయ్య అనుకున్నాను. దాన్నీ, తన పోస్టరునూ రెండింటినీ చుట్టి చంకలో పెట్టుకుని, "పా, జమ్మలమడుక్కు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం రెండు వర్గాలూ ఒక శనగల గోడౌను ఆవరణలో కూర్చుని ఉన్నాయి. మాటలు అప్పటికే మంచి దారిలో లేవు. ఆయన ఎవరికీ నమస్కారం పెట్టలేదు. రెండు పోస్టర్లు గోడకు అంటించి వెనక్కి తిరిగాడు.

"పెద్దాయనా, ఎనక్కి పో" అన్నాడు ఎగువ నాయకునితో. దిగువ నాయకుని వైపు తిరిగి, "నువ్వూ ఎనక్కి పో సామీ."

ఎదుటి వర్గం చూస్తుండగా వెనక్కి ఒక్క అడుగు వేయడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. ఒక్క ఆయనకే తెలియదు. ఒకరు వేస్తే వేద్దామని ఇద్దరూ నిలబడ్డారు. ఎవరూ వేయలేదు. వాళ్ళ వెనక ఉన్న మనుషులు లేచారు.

ఆయనకు విసుగొచ్చింది. "ఏందప్పా మీతో! ఇద్దరూ కల్సే పోండి. నేను లెక్క పెడ్తా. ఒగటి."

ఒకరి కాళ్ళ వైపు ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"రెండు."

ఇంకో అడుగు. పది దాకా లెక్కపెట్టాడు. తెల్ల పంచెల్లో ఇద్దరు పెద్దమనుషులు పక్కపక్కనే, సమంగా, పది అడుగులు వెనక్కి నడిచారు. వెనక నిలబడినవాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు.

"ఆ మొదటి కాయితం సూడండి. ఎవురి పేరు పెద్దది?"

ఎగువ నాయకుడు వెంటనే అన్నాడు. "నాది సిన్నగుండాది."

దిగువ నాయకుడు చాలాసేపు చూశాడు. "అవునప్పా. నాదే పెద్దగుండాది."

"మేస్త్రీ, కొలువప్పా."

మేస్త్రీ పోయి టేపు పెట్టాడు. "సమం" అన్నాడు.

"రెండోది సూడండి."

ఇద్దరూ రెండు పేర్లూ మార్చి మార్చి చూశారు. చివరికి దిగువ నాయకుడే అన్నాడు. "ఇది సమంగా ఉండాది."

"కొలిస్తే ల్యా పెద్దాయనా" అని మేస్త్రీ మొదలుపెట్టాడు.

"నువ్వు టేపు మడిసి జోబీలో పెట్టుకోప్పా. గోడ సూసేటోళ్ళు టేపు పెడ్తారా?"

అయిపోయింది. ఎవరో టీ తెప్పించారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు చూశాను. ఆయన తన పోస్టరును గోడ నుంచి ఊడబెరుకుతున్నాడు.

"ఏంటన్నా?"

"ఇంగొక్క దినం కావల్ల సారూ. దిగువాయన పేరులో య ఒత్తు రవ్వంత వాలింది. సూడు."

నేను చూడలేదు. ఎవరు వింటారోనని నా ప్రాణం పోయింది. పోస్టరు ఆయన చేతిలో నుంచి లాక్కున్నాను. "ఒక్క దినం కాదు, ఒక్క గంట కూడా లేదు" అన్నాను. ఆయనతో గడిపిన ముప్పై ఏళ్ళలో ఆయన చేతి నుంచి కాగితం లాక్కున్నది అప్పుడొక్కసారే. ఆయన ఖాళీ చేతులతో బస్టాండు వైపు నడిచాడు.

పోస్టర్లు గోడలకెక్కాయి. పోటీల రోజు బావ ఎడ్ల వెంట నడిచి ఊళ్ళోకి పోయాడు. రాజీ ఎంతకాలం నిలిచిందన్నది వేరే కథ. ఆ ఏడు బావ శనగ విత్తాడు.

ఆయన నన్ను కోప్పడలేదు. అంతకంటే చెడ్డ పని చేశాడు. ఆ య ఒత్తు కట్టెను దిద్దకుండా అట్లే ఉంచాడు. అన్ని అక్షరాలనూ పదిసార్లు దిద్దిన మనిషి దాన్ని ముట్టలేదు. నేనెప్పుడైనా త్వరగా కానిమ్మంటే అక్షరాలు పెట్టుకునే కేసులో నుంచి దాన్ని తీసి బల్ల మీద నా ముందు పెట్టేవాడు. "ఇది నీ ఒత్తు సారూ. దీన్ని దిద్దేది ల్యా." నాకు అది నిట్టనిలువుగానే కనపడేది. ముసలివాడి మొండితనమని ఊరుకునేవాణ్ణి.

కంప్యూటర్లు వచ్చాక ప్రెస్సు మూతపడింది. ఒక డీటీపీ సెంటరువాళ్ళు ఆయన గీతలన్నీ తీసుకుపోయి ఫాంటు చేశారు. మంచి ఉద్దేశంతోనే చేశారు. గుండ్రటి అక్షరాలు గీత దాటి ఒక నూలు పైకి పోవడం చూసి, చేతిపని కదా, తప్పులు పడి ఉంటాయనుకుని అన్నింటినీ సమం చేశారు. ఇప్పుడు జిల్లాలో సగం ఫ్లెక్సీలు ఆ అక్షరాలే. వాటిని మొదటిసారి చూసిన రోజు ఆయన ఎవరినీ తిట్టలేదు. "కొలిచినారు" అన్నాడు, అంతే. నేను ఎన్నోసార్లు పోయి చెప్పాను. వాళ్ళు మర్యాదగా విన్నారు. వింటూ నా వైపు చూసిన చూపు నేను ఎరుగుదును. ఆయన వైపు నేను చూసిన చూపే అది.

చివరి వారం ఆసుపత్రిలో ఉన్నాడు. మాట సన్నగిల్లింది. ఏదో అంటున్నాడని ముఖం దగ్గరికి వంగాను. "ఎనక్కి పో సారూ. కనపడ్డంల్యా" అన్నాడు. గుమ్మం దాకా పోయి నిలబడ్డాను. అక్కడి నుంచి ఆయన మాట వినపడలేదు. ఇట్లాంటి మనిషి.

రాతిపని మేస్త్రీ ఫోన్ చేసిన మర్నాడు జమ్మలమడుగు పోయాను. ఆయన కూతురు దాచిన పెట్టెలో నుంచి పేరుకు కావలసిన కట్టె అక్షరాలు ఏరి, కాగితం మీద ఒత్తి తీసుకుపోయాను. మేస్త్రీ కంప్యూటరు కాగితం రాతి మీద పరిచి ఉంది. నేను అనుకున్నదే. ఆయన అక్షరాలే, నూలు తీసేసినవి. ఆయన సమాధి మీదికి అవే వస్తున్నాయి.

మేస్త్రీ నా కాగితం తీసుకుని స్కేలు పెట్టాడు. "ఇవి సమంగా ల్యావు సార్. గుండ్రటివి ఒక నూలు ఎక్కువుండాయి. నేను సరిజేస్తాలే."

"వద్దప్పా. అట్లే చెక్కు."

"సమాధి రాతి మింద ఒక నూలు ఎవురు సూస్తార్సార్?"

ఒకప్పుడు ఆయనను నేనడిగిన మాటే. రెండు కాగితాలూ నాపరాళ్ళ వరుసకు ఆనించి, "ఎనక్కి పో" అన్నాను.

"యాడికి సార్?"

"పది అడుగులు."

అతను గొణుక్కుంటూ వెనక్కి నడిచాడు. రాళ్ళ మధ్య నుంచి రోడ్డు అంచు దాకా పోయాడు. నిలబడ్డాడు. ఆటో ఒకటి హారన్ కొట్టింది, జరగలేదు. చాలాసేపు చూసి తిరిగొచ్చాడు. కంప్యూటరు కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"ఇది పెడ్తా సార్" అన్నాడు. ఇంకా ఏదో చెప్పాలని ఆగాడు. "గాని, పేరులో ఈ య ఒత్తు రవ్వంత వాలినట్ల ల్యా?"

నేను పది అడుగులు వెనక్కి పోయాను. వాలింది. కుడి పక్కకు, రవ్వంత. ఇంతకాలం బల్ల మీద, నా ముక్కు కింద పెట్టి చూపించినప్పుడు కనపడనిది అక్కడ నుంచి కనపడింది. మళ్ళీ రాయి దగ్గరికి రావడానికి కొంచెం సమయం పట్టింది.

"దిద్దల్నా సార్? దిద్దితే ఇంగొక దినం పడ్తాది. ఆదివారానికి కాదు."

కూతురికి ఫోన్ చేశాను. ఆదివారానికి రాయి ఉండదని చెప్పాను. పాస్టరుగారికి చెప్పడం కష్టమే అంది. తర్వాత, "ఎన్ని దినాలంట చిన్నాయనా?" అని అడిగింది.

"ఒక దినమంట."

"నాయన గూడా ఒక దినమనే అనేటోడు" అంది. "కానీలే."

కూడిక రాయి లేకుండానే జరిగింది. సోమవారం మేస్త్రీ ఫోన్ చేశాడు. "సార్, ఏమనుకోవద్దండి. ఇంగొక్క దినం."

"తీసుకో" అన్నాను.